పాత రైఫిల్ మీద ముద్రలు: ఒక్కో గుర్తు ఒక్కో చేతిది

క్లుప్తంగా: పాత సైనిక రైఫిల్ మీద కనిపించే కిరీటాలు, బాణాలు, నక్షత్రాలు, పొడి అక్షరాలు ఒకే రోజున ఒకే చోట పడినవి కావు. తయారుచేసిన కర్మాగారం, పరీక్షించిన అధికారి, వాడిన పటాలం, బాగుచేసిన వర్క్‌షాప్, చివరికి వదిలించుకున్న ప్రభుత్వం తలా ఒకటి వేశాయి. ఏది ఎవరు వేశారో విడదీస్తేనే తుపాకీ పుట్టుక, వయసు, తర్వాతి ప్రయాణం తెలుస్తాయి. ఒక్క గుర్తును పట్టుకుని తేల్చితే తప్పుదారి పట్టడం ఖాయం. ఆ గుర్తుల్ని అరగదీయడం మాత్రం చట్టరీత్యా నేరం.

కిరీటం కింద వి.ఆర్.

నెల్లూరులో 'వి.ఆర్.' అనే రెండక్షరాలకు ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేదు. వి.ఆర్. కాలేజీ, వి.ఆర్. హైస్కూలు, వి.ఆర్.సి. సెంటర్, అంతా వెంకటగిరి రాజా పేరే. అందుకే పాత ఇంటి అటక మీద దొరికిన తుపాకీ ఇనుము మీద ఒక కిరీటం, దాని కింద వి.ఆర్. అని కనిపిస్తే అది వెంకటగిరి సంస్థానం సొత్తు అనుకోవడం చాలా సహజం. కానీ కిరీటం కింద ఉన్న వి.ఆర్. 'విక్టోరియా రెజీనా' అనే లాటిన్ మాటలకు పొడి అక్షరాలు. విక్టోరియా రాణి అని దాని అర్థం. అది యజమాని పేరు కాదు, తయారైన నాటి పాలకురాలి పేరు.

రాజు మారినప్పుడల్లా ఈ అక్షరాలూ మారాయి. 1901 జనవరిలో విక్టోరియా మరణించేదాకా వి.ఆర్., ఆ తర్వాత 1910 వరకు ఎడ్వర్డ్ పేరున ఇ.ఆర్., అక్కడి నుంచి జార్జి పేరున జి.ఆర్. వేశారు. మన దేశంలో తయారైన రైఫిళ్ల మీద దీనికి ఇంకో అక్షరం చేరి జి.ఆర్.ఐ. అయింది. చివరి 'ఐ' అక్షరం 'ఇంపరేటర్', అంటే చక్రవర్తి. ఇంగ్లండ్‌కు రాజు, ఇండియాకు చక్రవర్తి అన్న తేడా ఆ ఒక్క అక్షరంలో ఇమిడి ఉంది.

సంస్థానాధీశుల గుర్తు అసలే ఉండదని కాదు. ఇంగ్లండ్‌లోని పేరున్న దుకాణాలు రాజుల కోసం, జమీందార్ల కోసం చేసిన వేట తుపాకుల మీద యజమాని పేరు చెక్కించడం మామూలే. అయితే చెక్కిన అక్షరానికి, కొట్టిన అచ్చుకు తేడా కంటికి తెలుస్తుంది. చెక్కినప్పుడు ఉలి లోహాన్ని తొలిచి బయటికి తీసేస్తుంది, గాడి అంచులు నున్నగా ఉంటాయి. అచ్చు కొట్టినప్పుడు లోహం ఎక్కడికీ పోదు, పక్కలకు ఒత్తుకుని అంచుల దగ్గర కొద్దిగా ఉబ్బుతుంది. వేలు పెట్టి రాస్తే ఆ ఉబ్బు తగులుతుంది. సైనిక రైఫిళ్ల మీద ఉండేవి ఎక్కువగా ఈ రెండో రకమే.

కర్మాగారం ఏది

మన ప్రాంతంలో పాత సైనిక రైఫిల్ అనగానే గుర్తొచ్చేది త్రీ నాట్ త్రీ (.303). పోలీస్ స్టేషన్ సెంట్రీ చేతిలో, ట్రెజరీ కాపలాలో, కాలేజీ ఎన్‌సీసీ పరేడ్‌లో తరాల తరబడి కనిపించినది అదే. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి 2020 గణతంత్ర దినోత్సవం నాడు గానీ వీడ్కోలు పలకలేదు. దాని అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డ్. బోల్టు (తూటాను లోపలికి నెట్టి వెనక మూసే కడ్డీ) యంత్రాంగం రూపొందించిన జేమ్స్ పారిస్ లీ పేరు, ఇంగ్లండ్‌లోని ఎన్‌ఫీల్డ్ కర్మాగారం పేరు కలిపితే వచ్చిన మాట అది.

భుజానికి ఆనే బట్ కర్ర ఇనుముతో కలిసే చోట, కుడి పక్కన, ఈ రైఫిల్ జన్మపత్రం ఉంటుంది. పైన కిరీటం, దాని కింద రాజు అక్షరాలు, తర్వాత కర్మాగారం పేరు, సంవత్సరం, అడుగున మోడల్. ఎన్‌ఫీల్డ్ అని పూర్తిగా ఉంటే ప్రభుత్వ కర్మాగారం. బి.ఎస్.ఎ. కో. అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, ఎల్.ఎస్.ఎ. కో. అంటే లండన్ స్మాల్ ఆర్మ్స్, లిత్గో అంటే ఆస్ట్రేలియా. ఆర్.ఎఫ్.ఐ. అని ఉంటే అది హుగ్లీ ఒడ్డున ఉన్న ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ. అక్కడ 1904లో రైఫిల్ ఫ్యాక్టరీ మొదలైంది. స్వాతంత్ర్యం తర్వాత తయారైన వాటి మీద కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. అంటే మోడల్ ఒకటే, యంత్రాలు ఒకటే, మారింది రాజ్యం.

'షార్ట్ ఎల్.ఇ.' అనే పొట్టి రాత 'షార్ట్ లీ-ఎన్‌ఫీల్డ్'కు సంక్షేపం. దాని పక్కన రోమన్ అంకెల్లో మూడు ఉంటే 1907లో ఆమోదించిన మార్క్ 3. మూడు పక్కన చిన్న నక్షత్రం ఉంటే 1916 నాటి సవరణ. మొదటి ప్రపంచ యుద్ధంలో రైఫిళ్లు వేగంగా కావాల్సి వచ్చి, ఖర్చు తగ్గించడానికి కొన్ని భాగాలు తీసేశారు: మ్యాగజైన్‌ను మూసి ఒక్కో తూటా వేసుకునేందుకు ఉన్న పలక, చాలా దూరం గురిపెట్టే పక్క సైట్లు. ఆ తగ్గింపుకే నక్షత్రం గుర్తు. అదేదో పతకమనో, మేలురకమనో అనుకునేవాళ్లున్నారు. నిజానికి అది కోత గుర్తు.

రెండో ప్రపంచ యుద్ధపు నంబర్ 4 రకం రైఫిళ్ల మీద ఇంకో చిక్కు ఉంది. కొన్నింటి మీద 'యు.ఎస్. ప్రాపర్టీ' అని ఉంటుంది. అమెరికా సైన్యం వాటిని తన రైఫిల్‌గా ఎన్నడూ తీసుకోలేదు. 1941లో అమెరికా చేసిన లెండ్-లీజ్ చట్టం కింద సావేజ్ కంపెనీ బ్రిటన్ కోసం చేసినవి అవి. కాగితం మీద అప్పు కాబట్టి ఆస్తి అమెరికాదే అని ముద్ర వేశారు. ఇంకొన్నింటి మీద కర్మాగారం పేరే లేకుండా 'ఎం 47' లాంటి రహస్య సంకేతం ఉంటుంది. శత్రు విమానాలకు కర్మాగారం ఎక్కడుందో తెలియకూడదని బి.ఎస్.ఎ. వారి షిర్లీ శాఖ తన పేరు బదులు అలా వేసింది.

బాణం ఎవరి సొత్తు

మూడు గీతలు ఒక కొసన కలిసినట్టుండే బాణం మొన గుర్తు బ్రిటిష్ సైనిక వస్తువుల మీద ఎక్కడపడితే అక్కడ కనిపిస్తుంది. నీళ్ల సీసాల మీద, కత్తుల మీద కూడా ఉంటుంది. ప్రభుత్వ సొత్తు అని దాని అర్థం. బాణంతో కలిసిన అక్షరం ఏ ప్రభుత్వమో చెబుతుంది. కింద 'ఐ' ఉంటే ఇండియా, 'సి' లోపల బాణం ఉంటే కెనడా, రెండు 'డి'ల మధ్య ఉంటే ఆస్ట్రేలియా రక్షణ శాఖ, 'యు' లోపల ఉంటే దక్షిణాఫ్రికా.

రెండు బాణాలు మొన మొన తగిలేలా ఎదురెదురుగా ఉంటే కథ మారిపోతుంది. ప్రభుత్వం ఆ తుపాకీని తన లెక్క నుంచి తీసేసి అమ్మేసిందని దాని అర్థం. సర్‌ప్లస్, అంటే సైన్యం వదిలించుకున్న సరుకు, సంగతి తెలుసుకోవాలనుకునేవారికి అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు బహుశా ఇదే. ఎప్పుడు పుట్టిందో చెప్పే గుర్తులు చాలా ఉన్నాయి, సైన్యం చేయి దాటిందని చెప్పేవి చాలా తక్కువ.

ఇంతకంటే పాతవి దొరికితే బాణానికి బదులు వేరే గుర్తు చూడాలి. 1801లో ఆర్కాటు నవాబు నుంచి నెల్లూరు ప్రాంతం ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోకి వచ్చింది. అప్పటి కంపెనీ తుపాకుల చకుముకి పలక మీద నాలుగు గదులుగా చీల్చిన హృదయాకారం ఉండేది. కంపెనీ సరుకు మూటల మీద వేసే గుర్తు కూడా అదే. 1808 తర్వాత దాని చోట సింహం వచ్చింది. హృదయం కనిపిస్తే 1808 లోపుది, సింహం కనిపిస్తే ఆ తర్వాతది.

చిన్న గుర్తులు, పెద్ద పొరపాట్లు

బ్యారల్ మొదట్లో, సంవత్సరం దగ్గర కాకుండా విడిగా, ఒక నక్షత్రం కనిపించవచ్చు. ఇది మార్క్ 3 పక్కన వేసే నక్షత్రం కాదు. గొట్టం లోపల తుప్పు తిని గుంటలు పడ్డాయని తనిఖీ చేసినవాడు పెట్టిన గుర్తు. ఒకే బొమ్మకు ఒక చోట ఒక అర్థం, ఇంకో చోట ఇంకో అర్థం. ముద్రను చదివేటప్పుడు అది ఏమిటన్నదే కాదు, ఎక్కడ ఉందన్నది కూడా రాసుకోవాల్సింది ఇందుకే.

బట్ కర్ర పై అంచున ఒంటరిగా కనిపించే ఎస్, ఎల్, బి అక్షరాలను ఎవరి పేరులోని మొదటి అక్షరాలుగానో చదువుతుంటారు. అవి కర్ర పొడవు. మామూలు కొలతకు ఏ గుర్తూ ఉండదు. అర అంగుళం పొట్టిదైతే ఎస్, అర అంగుళం పొడవైతే ఎల్, అంగుళం పొట్టిదైతే బి. చొక్కా కాలర్ మీద వేసే సైజులాంటిదే. హెచ్.వి. అనేది 1910లో వచ్చిన మొనదేలిన, వేగమైన తూటాకు తగ్గట్టు సైట్లు మార్చారని చెబుతుంది.

డి.పి. అని పెద్దగా కొట్టి ఉంటే జిల్లా పోలీసు అనుకునే వీలుంది. అసలు మాట 'డ్రిల్ పర్పస్'. కాల్చడానికి పనికిరాకుండా చేసి కవాతుకు మాత్రమే ఉంచిన రైఫిల్ అని దాని భావం. ఎఫ్.టి.ఆర్. అంటే కర్మాగారంలో మొత్తం విప్పి బాగుచేసినది. అలాంటి రైఫిల్ ఇనుము 1918ది, బ్యారల్ 1942ది, కర్ర 1950ది కావచ్చు. అప్పుడు దాని వయసు ఎంత అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. ఆస్ట్రేలియా రైఫిళ్ల కర్ర మీద కనిపించే 'స్లాజ్' అనే మాట టెన్నిస్ రాకెట్లకు పేరొందిన స్లాజెంజర్ కంపెనీది. చెక్కను వంచి, నునుపు చేసి, కొలతకు తేవడం తెలిసినవాళ్లు కాబట్టి యుద్ధకాలంలో రైఫిల్ కర్రల పని వాళ్లకు అప్పగించారు.

బ్యారల్ మీద '18.5 టన్నులు' అని ఉన్న రైఫిళ్లు మరీ కలవరపెడతాయి. దాని ముందు .303, 2.222 అనే అంకెలు కూడా ఉంటాయి. ఇది సైన్యం వేసిన ముద్ర కాదు. సైన్యం అమ్మేసిన తుపాకీ బ్రిటన్‌లో వ్యాపారుల చేతికి వెళ్లేముందు ప్రూఫ్ హౌస్ అనే పరీక్షాశాలకు వెళ్లాలి. అక్కడ ఎక్కువ మందు దట్టించిన తూటా పేల్చి, బ్యారల్ చీలకపోతే ముద్ర వేస్తారు. .303 బోర్ (బ్యారల్ లోపలి వెడల్పు, అంగుళాల్లో), 2.222 అంగుళాలు తూటా గొట్టం పొడవు, 18.5 టన్నులు చదరపు అంగుళానికి తట్టుకోవాల్సిన ఒత్తిడి. కాబట్టి ఈ ముద్ర కనిపించిన రైఫిల్ ఒకసారి ఇంగ్లండ్ బజారు గుండా వెళ్లిందని ధైర్యంగా చెప్పవచ్చు.

మన దేశానికే చేసిన రకాలు

త్రీ నాట్ త్రీలా కనిపించేవన్నీ త్రీ నాట్ త్రీలు కావు. ఇక్కడ పరిపాలనా విధానం నేరుగా ఇనుములోకి దిగింది. 1857 తర్వాత భారతీయ పటాలాలకు బ్రిటిష్ సైనికులకంటే ఒక తరం వెనకబడిన ఆయుధాలు ఇచ్చే పద్ధతి నడిచింది. బయటికి రైఫిల్‌లా ఉండి లోపల తూటాను తిప్పే గాడులు లేని నున్నటి బ్యారల్ ఉన్న తుపాకులు కూడా ఇచ్చారు. అందువల్ల ఇంగ్లండ్‌లో తయారైన సంవత్సరమే ఇక్కడికి వచ్చిన సంవత్సరం అనుకోకూడదు.

పోలీసులకు, జైలు కాపలాకు ఇషాపూర్‌లో త్రీ నాట్ త్రీలను .410 మస్కెట్లుగా మార్చడం ఈ ఆలోచనకు కొనసాగింపే. గాడులు తీసేసి, మ్యాగజైన్ చోట చెక్క ముక్క పెట్టి, ఒక్కో తూటా మాత్రమే పేలేలా చేశారు. సైన్యపు తూటా అందులో పనిచేయదు, ఆ తూటా సైన్యపు రైఫిల్‌లో పనికిరాదు. పౌరులకు అమ్మే .315 స్పోర్టింగ్ రైఫిల్ వెనక ఉన్నదీ అదే తర్కం. యంత్రాంగం లీ-ఎన్‌ఫీల్డ్‌దే, బోర్ వేరు.

1962 చైనా యుద్ధం తర్వాత ఇషాపూర్ అదే పాత ఆకారంలో 7.62 మిల్లీమీటర్ల 2ఎ, తర్వాత 1965లో 2ఎ1 రైఫిళ్లు చేసింది. మ్యాగజైన్ నలుచదరంగా ఉంటుంది, ఉక్కు గట్టిది. 2ఎ మీద వెనక సైట్ 2000 మీటర్ల వరకు, 2ఎ1 మీద 800 మీటర్ల వరకు ఉంటుంది. వీటిని .303 అని భ్రమపడితే ముప్పు తూటా దగ్గరే వస్తుంది. అంకె చదవకుండా ఆకారం చూసి పేరు పెట్టడం ఈ విషయంలో అన్నిటికంటే ప్రమాదకరమైన అలవాటు.

అంకె ఒకటే, లెక్క వేరు

ఉదయగిరి కోటలోనో, ఏ పాత గుడి గోడ మీదో శాసనం చూసినవారికి శక సంవత్సరం సంగతి తెలుసు. శాలివాహన శకానికి 78 కలిపితేనే క్రీస్తుశకం వస్తుంది. రైఫిళ్లలోనూ అదే జాగ్రత్త కావాలి. నేపాల్ నుంచి వచ్చిన తుపాకుల మీద దేవనాగరి అంకెల్లో విక్రమ సంవత్సరం ఉంటుంది. అక్కడ 1950 అని ఉంటే అది క్రీ.శ. 1893. సయామ్ రైఫిళ్లలో 46 రకం అంటే బౌద్ధ శకం 2446, మన లెక్కలో 1903. టర్కీ మౌజర్ల మీద అంకెలు అరబ్బీలో, సంవత్సరం వేరే పంచాంగంలో ఉంటాయి.

జపాన్ అరిసాకా రైఫిళ్ల మీద 16 రేకుల చామంతి పువ్వు చక్రవర్తి గుర్తు. 1945లో లొంగిపోయినప్పుడు చాలా రైఫిళ్ల మీద దాన్ని ఆకురాయితో రాసేశారు. కాబట్టి పువ్వు ఉండాల్సిన చోట గీతలు పడిన ఖాళీ కనిపిస్తే అది అరిగిపోయిన ముద్ర అనుకోకూడదు. కావాలని తీసేసిన ఆ ఖాళీ కూడా ఆ తుపాకీ చరిత్రలో ఒక గుర్తే.

ముద్రలే అబద్ధం చెబితే

పాకిస్తాన్‌లో పెషావర్‌కు దక్షిణాన ఉన్న దర్రా ఆదంఖేల్‌లో చేతిపనివాళ్లు తరాలుగా బ్రిటిష్ రైఫిళ్లకు నకళ్లు చేశారు. ముద్రల్నీ నకలు చేశారు. అక్షరాలు చదవడం రానివారు బొమ్మలా చూసి కొట్టడం వల్ల కొన్నిటిలో 'ఎన్' అక్షరం తిరగబడి ఉంటుంది, కొన్నిటిలో ఎన్‌ఫీల్డ్ స్పెల్లింగే తప్పుతుంది. వాటిని పట్టుకునే దారి పరస్పర సాక్ష్యం. వి.ఆర్. కింద 1919 అని ఉంటే ఆ తుపాకీ అబద్ధమాడుతోంది, ఎందుకంటే రాణి పోయి అప్పటికి 18 ఏళ్లు. వి.ఆర్. కింద షార్ట్ లీ-ఎన్‌ఫీల్డ్ అని ఉన్నా అంతే. ఆ పొట్టి మోడల్ వచ్చింది ఎడ్వర్డ్ కాలంలో.

నంబర్లూ ఇలాగే సాక్ష్యం చెబుతాయి. లీ-ఎన్‌ఫీల్డ్‌లో బోల్టును ఆ రైఫిల్‌కే సరిపెట్టి, దాని పిడి మీద రిసీవర్ (బోల్టు కదిలే ఇనుప భాగం) నంబరే కొట్టేవారు. రెండూ వేరైతే ఎక్కడో బోల్టు మారింది. అది నకిలీ అనడానికి రుజువు కాదు గానీ, బోల్టుకు, తూటాకు మధ్య ఉండాల్సిన సందు సరిగ్గా ఉందన్న హామీ పోయినట్టే.

చట్టం చూసే తీరు

వందేళ్లు దాటిన తుపాకీకి లైసెన్సు అక్కర్లేదన్న మాట పల్లెల్లోనూ, పట్నాల్లోనూ తరచూ వినిపిస్తుంది. ఇది రెండు చట్టాలను కలగలపడం వల్ల పుట్టిన అపోహ. వందేళ్లు దాటిన వస్తువును పురావస్తువుగా గుర్తించేది 1972 నాటి పురావస్తువుల చట్టం. లైసెన్సు సంగతి చూసేది 1959 నాటి ఆయుధాల చట్టం. దాని 45వ సెక్షన్ పాతకాలపు, పురాతన విలువ గల, లేదా పాడైన ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది గానీ ఒక షరతు పెట్టింది. మరమ్మతు చేసినా చేయకపోయినా అది తుపాకీగా పనిచేయలేనిదై ఉండాలి. 1917 నాటి త్రీ నాట్ త్రీకి వందేళ్లు దాటాయి, కానీ నూనె వేస్తే పేలుతుంది. పైగా .303 నిషిద్ధ బోర్, మామూలు లైసెన్సు మీద పౌరులకు దొరికేది కాదు. 2019 సవరణతో ఒక్కొక్కరు ఉంచుకోగల తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి.

ముద్రల విషయంలో చట్టం ఇంకా గట్టిగా ఉంది. 8వ సెక్షన్ ప్రకారం తుపాకీ మీద పేరు, నంబరు, గుర్తు చెరపకూడదు, మార్చకూడదు. చెరిపిన తుపాకీ ఎవరి దగ్గర ఉంటే, కాదని రుజువయ్యేదాకా చెరిపింది వాళ్లే అని భావిస్తుంది. తాతగారి తుపాకీ తుప్పు వదిలిద్దామని గరుకు కాగితంతో రుద్దినవారి ఉద్దేశం మంచిదే అయినా, నంబరు పోతే ఆ రుజువు భారం వారి మీదే పడుతుంది. రుద్దడం వల్ల దాపరికమూ సాధ్యం కాదు. అచ్చు కొట్టినప్పుడు అక్షరం కింద ఉక్కు లోతుగా ఒత్తుకుపోతుంది. పైపొర పోయినా ఆ ఒత్తిడి మిగులుతుంది, ఫోరెన్సిక్ ల్యాబ్‌లో యాసిడ్ పూతతో నంబరు మళ్లీ తేలుతుంది.

కాబట్టి గుర్తులు చదవాల్సిన పద్ధతి శాసనం చదివే పద్ధతే. మెత్తటి గుడ్డ, కొద్దిగా నూనె, పక్క నుంచి పడే వెలుతురు చాలు. పైన పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో రాస్తే అరిగిన అక్షరం కూడా లేస్తుంది. అయితే లైసెన్సు లేని తుపాకీ ఇంట్లో బయటపడినప్పుడు ముందు చదవడం కాదు, అప్పగించడం జరగాలి. లైసెన్సుదారు చనిపోయి తుపాకీ వారసుల చేతికి వచ్చినప్పుడు, 21వ సెక్షన్ దాన్ని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ జమ చేయమంటుంది. జమ చేసేటప్పుడు రసీదులో 'పాత రైఫిల్ ఒకటి' అని వదిలేయనివ్వకూడదు. కర్మాగారం పేరు, సంవత్సరం, బోర్, రిసీవర్ నంబరు, బోల్టు నంబరు విడివిడిగా రాయించాలి. రెండు నంబర్లు కలవకపోతే ఆ మాట కూడా రసీదులో ఉండాలి.